విప్పగలిగినంత యంత్రం

ఇద్దరూ విశాఖపట్నం వాళ్ళే. బాబాయ్ సరుకు ఓడల్లో చీఫ్ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు. భర్తతో కలిసి 38 అడుగుల తెరచాప పడవలోనే కాపురం చేస్తోంది. ఆ పడవ ఇప్పుడు మలేషియాలోని లంకావి దీవిలో, ఒక బోటు యార్డులో, ఇనుప ఊతల మీద నిలబడి ఉంది. డీజిల్ ఇంజిన్ పాడైపోయింది. దాని చోట ఏం పెట్టాలి, అసలు పెట్టాలా వద్దా అన్నదే తగువు. ఈశాన్య రుతుపవనం నిలదొక్కుకున్నాక, జనవరిలో, బంగాళాఖాతం దిగువగా శ్రీలంకకు దాటాలని వాళ్ళ ఆలోచన. వెయ్యి నాటికల్ మైళ్ళకు పైగా దారి.

నా మొగ్గు ఎటో దాచను. చాలామటుకు అమ్మాయి వైపు. కానీ కొన్నిచోట్ల బాబాయ్ మాటకు తిరుగులేదు.

బాబాయ్: ముందు ఒక సంగతి తేల్చుకుందాం తల్లీ. ఈ ఇంజిన్ ముసలితనంతో పోలేదు. హెడ్ విప్పి చూశాను. సిలిండర్లలోకి ఉప్పునీళ్ళు దిగాయి, తుప్పు పట్టి పిస్టన్లు బిగుసుకుపోయాయి. ఆ నీళ్ళు ఎగ్జాస్టు దారినే వచ్చాయి. ఎగ్జాస్టును చల్లబరచడానికి సముద్రపు నీళ్ళు తెచ్చే గొట్టం ఉంది చూడు, అది నీటిమట్టం కంటే పైకి లేచి వంపు తిరిగే చోట బొటనవేలంత వాల్వు ఉంటుంది. ఇంజిన్ ఆపగానే అది గాలి పీల్చుకుని ధార తెంపాలి. ఉప్పు గడ్డకట్టి అది మూసుకుపోయింది. దాంతో ఇంజిన్ ఆగాక కూడా సముద్రం ఆ గొట్టంలోంచి లోపలికి కారుతూనే ఉంది. మొదట మఫ్లర్ నిండింది, తర్వాత సిలిండర్లు. అప్పుడప్పుడు ఆ వాల్వు విప్పి మంచినీళ్ళతో కడిగి ఉంటే ఈపాటికి మీరు నీళ్ళ మీద ఉండేవాళ్ళు. యంత్రం చెడలేదు, దాన్ని పట్టించుకోలేదు.

అమ్మాయి: ఆ వాల్వు ఎక్కడుందో మీరే చూశారు కదా బాబాయ్. బట్టల అల్మరా వెనక. చెక్క పలకలు ఊడదీస్తే తప్ప కనబడదు. పడవ కట్టినవాళ్ళు గది అందంగా ఉండాలని దాన్ని కప్పేశారు. ఇంజిన్ ప్రాణం తీయగల వస్తువును కంటికి కనబడని చోట పెట్టి, దాన్ని రోజూ తలుచుకోమంటే ఎలా? పడవలో అలాంటివి ఇంకెన్ని దాగి ఉన్నాయో! అందుకే అంటున్నాను, ఈ ఇంజినే వద్దు. చిన్న కరెంటు మోటారు పెట్టుకుంటాం. రేవులోకి వెళ్ళడానికి, బయటకు రావడానికి అది చాలు. మిగిలిందంతా గాలి చూసుకుంటుంది.

బాబాయ్: బ్యాటరీ ఎంత పెడతావు?

అమ్మాయి: 10 కిలోవాట్ అవర్లు. పైన సోలార్ పలకలు ఎలాగూ ఉన్నాయి.

బాబాయ్: లీటరు డీజిల్‌లో దాదాపు 10 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. అందులో మూడో వంతు షాఫ్టుకు చేరుతుందనుకో. అంటే నీ బ్యాటరీ మొత్తం కలిపితే మూడు లీటర్ల డీజిల్. మూడు లీటర్లు పట్టుకుని మలక్కా జలసంధి అంచున తిరుగుతావా? గాలి పడిపోయిన మధ్యాహ్నం, నీటి వాలు నిన్ను మెల్లగా ఓడల దారిలోకి లాక్కుపోతుంటే ఏం చేస్తావు? ఆ దారిలో నేను ఏళ్ళ తరబడి వచ్చినవాణ్ణి. నిండు లోడుతో ఉన్న ట్యాంకరు నిన్ను చూసి ఇంజిన్ వెనక్కి తిప్పినా, ఆగడానికి మైళ్ళు పడుతుంది.

అమ్మాయి: ఆ లెక్క నేనూ వేసుకున్నాను. 5 నాట్ల వేగంతో పోతే గంటన్నర, మహా అయితే రెండు గంటలు. 3 నాట్లకు తగ్గించుకుంటే 15 మైళ్ళు. అది తెలిసే ఓడల దారికి దూరంగా, ఒడ్డు లోతు చూసుకుంటూ నడుస్తాం. గాలి లేకపోతే లంగరు వేసి పడుకుంటాం. ఈ జలసంధిలో చాలా చోట్ల లంగరు అందే లోతే. లిన్, లారీ పార్డీ దంపతులు సెరాఫిన్, తలీసిన్ అనే రెండు పడవల్లో ఇంజిన్ లేకుండానే ప్రపంచం చుట్టారు. తూర్పుగా ఒకసారి, పడమరగా ఒకసారి.

బాబాయ్: ఆ పడవలు లారీ స్వయంగా కట్టుకున్నవి. ఒకటి 24 అడుగులు, ఇంకోటి 30 అడుగుల లోపే. గాలి లేనప్పుడు పొడవాటి తెడ్డుతో తోసుకునేవాళ్ళు. నీ పడవ ఎనిమిది టన్నులు. తెడ్డు వేసి చూడు, భుజాలు ఏమంటాయో! అంత దూరం ఎందుకు, మన విశాఖ జాలరిపేట వాళ్ళనే తీసుకో. గాలిని వాళ్ళకంటే బాగా చదివినవాళ్ళు ఎవరున్నారు? తెప్ప మీద తెరచాపతో తాతల నాటి నుంచి బతికారు. మోటారు చేతికి అందగానే తెరచాప చుట్టేశారు. సోమరితనంతో కాదమ్మా. గాలి తిరిగిన రోజు ఇంటికి చేరడానికి.

అమ్మాయి: నిజమే. కానీ ఆ మోటారు ఎక్కడుంటుంది? ఫైబర్ తెప్ప వెనక బిగించి ఉంటుంది. ఒడ్డుకు రాగానే విప్పి భుజాన వేసుకుని ఇంటికి మోసుకుపోతారు. చెడితే అదే మెకానిక్ దగ్గరికి వెళుతుంది. నా ఇంజిన్ మెట్ల కింద ఉంది. అటు పక్క పొయ్యి, ఇటు పక్క మేం పడుకునే చోటు. అది చెడిన రోజు మెట్లు ఊడదీయాలి, కాబట్టి పైకి వెళ్ళే దారి ఉండదు. నేల పలకలు ఎత్తాలి, కాబట్టి కాలు పెట్టే చోటు ఉండదు. స్పానర్లు పరుపు మీద, నట్లు అన్నం తినే గిన్నెలో, నూనె వాసన దుప్పట్లలో. ఆ రోజు వంట లేదు, నిద్ర లేదు. మీ ఓడలో ఇంజిన్ రూము కింద ఉంటుంది. వాచ్ అయిపోగానే తలుపు వేసి, స్నానం చేసి క్యాబిన్లో పడుకునేవారు. నా తలుపు ఎక్కడ బాబాయ్?

ఈ మాట దగ్గర బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. సముద్రయానం పుస్తకాలు చదివి పడవ కాపురం గురించి కలలు కనేవాళ్ళకు ఎవరూ ముందుగా చెప్పనిది ఇదేనని నా నమ్మకం. యంత్రం చెడటం చిన్న విషయం. చెడిన యంత్రంతో ఒకే గదిలో, ఒకే దీపం కింద, అలసిపోయిన ఇంకో మనిషితో కలిసి ఉండటం అసలు కష్టం. రాత్రి పడవ అడుగున చేరిన నీళ్ళు తోడే బిల్జి పంపు దానంతటదే తిరిగిన చప్పుడుకు ఇద్దరూ కళ్ళు తెరుస్తారు. మళ్ళీ ఎంతసేపటికి తిరుగుతుందా అని చీకట్లో లెక్కపెడుతుంటారు.

బాబాయ్: పంపు తిరిగితే లెక్కపెడుతూ పడుకోకు. లేచి ఆ నీళ్ళు నాలుక మీద వేసుకో. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికి వస్తోంది. చప్పగా ఉంటే మంచినీళ్ళ ట్యాంకో, వాన నీళ్ళో. సగం భయం అక్కడే తీరుతుంది. మాకు ఓడలో నేర్పింది అదే, భయపడే ముందు కొలువు. చెడినప్పుడు విప్పడం ఎవరైనా చేస్తారు. చెడకముందే, ఇన్ని గంటలు నడిచిందని పుస్తకంలో చూసి విప్పడం వేరు. నీ పడవలో ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో రాసే పుస్తకం ఉందా? నీళ్ళ పంపులోని రబ్బరు ఇంపెల్లర్ ఎప్పుడు మార్చావు?

అమ్మాయి: రాస్తున్నాం. ఇంపెల్లర్ మార్చడం నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేయగానే వెనక్కి వంగి ఎగ్జాస్టులోంచి నీళ్ళు చిమ్ముతున్నాయో లేదో చూడటం అలవాటైపోయింది. ఈ నీళ్ళలో ప్లాస్టిక్ సంచులు ఎక్కువ. ఒకటి వచ్చి అడుగున నీళ్ళు పీల్చే రంధ్రానికి అతుక్కుంటే చాలు, పంపు పొడిగా తిరిగి రబ్బరు రెక్కలు ఊడిపోతాయి. ఊడిన ముక్కలు హీట్ ఎక్స్‌చేంజర్‌లో ఇరుక్కుంటాయి. కొత్త ఇంపెల్లర్ వేసి ఊరుకుంటే కాదు, పాతదానికి ఎన్ని రెక్కలు తక్కువైతే అన్ని ముక్కలూ ఏరి తీయాలి.

బాబాయ్: అది తెలిసినదానివి, డీజిల్ ట్యాంకు ఎందుకు వదిలేశావు? మూత విప్పి చూద్దామంటే మూతే లేదు! పైన నింపే గొట్టం ఒకటి, పీల్చే గొట్టం ఒకటి, అంతే. ఈ ఉక్కలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకు గోడలకు చెమట పడుతుంది. ఆ నీళ్ళు అడుక్కు దిగుతాయి. నీళ్ళకూ డీజిల్‌కూ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి జిగురు కడతాయి. లంగరు వేసుకుని ఉన్నన్నాళ్ళు ఆ మడ్డి కదలకుండా అడుగునే పడి ఉంటుంది. ఇంజిన్ బాగానే ఉందనిపిస్తుంది. కెరటాలు లేచిన రోజు మొత్తం కలిసిపోయి ఫిల్టర్లోకి వస్తుంది. ఆ రోజే నీకు ఇంజిన్ అవసరం. రేవు ముఖద్వారంలో, రాళ్ళ పక్కన ఆగిపోతుంది. దాన్ని దురదృష్టం అంటావు. నేను దాన్ని మూత లేని ట్యాంకు అంటాను.

ఇక్కడ నేను బాబాయ్ వైపు. సముద్రంలో ఆగిపోయిన ఇంజిన్ల కథలు ఎన్ని విన్నా, వాటిలో చాలావాటి మూలం మురికి డీజిలే. ఇంజిన్ తయారీదారును తిట్టుకుంటాం. ట్యాంకు లోపల చెయ్యి పెట్టి తుడిచినవాళ్ళు తక్కువ.

అమ్మాయి: సరే, ట్యాంకుకు మూత కోయిద్దాం. ఫిల్టర్లు కూడా రెండు పక్కపక్కన పెట్టి, మధ్యలో తిప్పే వాల్వు పెడదాం. ఒకటి మూసుకుపోతే రెండోదానికి మళ్ళించడమే. అయినా చూడండి, కరెంటు మోటారు గురించి మాట్లాడుతున్నదాన్ని డీజిల్ ట్యాంకు గురించి మాట్లాడేలా చేశారు.

బాబాయ్: ఫిల్టరు మార్చాక గాలి తీయడం వచ్చా?

అమ్మాయి: వచ్చు. ఇంజిన్ మీది ఫిల్టరు దగ్గర స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపుకున్న చిన్న మీట చేత్తో ఆడించాలి. బుడగలు పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా.

బాబాయ్: మీట ఆడించినా డీజిల్ రాకపోతే?

అమ్మాయి: లోపల క్యామ్ పైకి వచ్చి ఆగి ఉంటుంది. ఇంజిన్‌ను కొంచెం తిప్పి మళ్ళీ ఆడించాలి.

బాబాయ్: అప్పుడూ స్టార్ట్ కాకపోతే? స్టార్టర్ తిప్పుతూనే ఉంటావా?

అమ్మాయి: సముద్రపు నీళ్ళ వాల్వు మూసి తిప్పుతాను. లేకపోతే ఇంజిన్ అందుకోకుండానే పంపు నీళ్ళు తోస్తుంది. వాటిని బయటకు నెట్టే పొగ ఉండదు కాబట్టి మఫ్లర్ నిండి సిలిండర్లలోకి వెనక్కి వస్తాయి. ఇంజిన్ అందుకున్న మరుక్షణం వాల్వు తెరవాలి.

బాబాయ్: మా ఫోర్త్ ఇంజినీర్లలో కొందరికి ఇంత తెలియదు. ఇంత తెలిసినదానివి ఇంజిన్ ఎందుకు వద్దంటున్నావమ్మా?

అమ్మాయి: తెలిసింది కాబట్టే. ఇంజిన్ ఒక్కటే అయితే మీతో వాదించను. దానితో పాటు ఎన్ని వచ్చాయో చూడండి. ఫ్రిజ్జు ఉంది కాబట్టి బ్యాటరీలు. బ్యాటరీల కోసం పెద్ద ఆల్టర్నేటర్. మేం పడవ కొన్నప్పటికే జనరేటర్ ఒకటి ఉంది. అదీ డీజిలే, దానికీ ఒక ఇంపెల్లర్, ఒక ఎగ్జాస్టు. ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే యంత్రం ఇంకోటి. దానికి కొత్త అల్లుడికి చేసినన్ని మర్యాదలు చేయాలి. కొన్నాళ్ళు వాడకపోతే మందు ఎక్కించి పడుకోబెట్టాలి. ఒడ్డున పట్టిన నీళ్ళలో క్లోరిన్ ఉంటే, దాంతో కడిగామా, లోపలి వడపోత పొర పాడైపోతుంది. ఒక్కోటి విడిగా చూస్తే సుఖమే. అన్నీ కలిసి నా రోజును పంచుకు తింటున్నాయి. వాటి భాగాలేవీ ఏ దీవిలోనూ దొరకవు. తెప్పించుకోవాలి, కస్టమ్స్‌లో విడిపించుకోవాలి. మన పాస్‌పోర్టుతో వీసా లేకుండా ఈ దేశంలో ఉండనిచ్చేది 30 రోజులు. భాగం రాకముందే గడువు దాటిపోతుంది. తెల్లవాళ్ళ పడవల్లో వాళ్ళు ఏ భాగం కోసమైనా నెలల తరబడి తీరిగ్గా ఎదురుచూస్తారు. వాళ్ళ పుస్తకాల్లోని సలహాలన్నీ ఆ తీరిక మీద రాసినవి.

బాబాయ్: ఇది నేను ఆలోచించలేదు. ఓడలో ఉండగా భాగం కావాలంటే ఆఫీసుకు రాసేవాళ్ళం, తర్వాతి రేవుకు వచ్చేది. జనరేటర్ తీసెయ్. రెండో మాట లేదు. తెరచాప పడవలో అది బరువే. కానీ ఒకటి గుర్తుంచుకో. తక్కువ యంత్రాలున్న పడవ అంటే క్షేమమైన పడవ అని కాదు. ప్రతిదానికీ రెండో దారి ఉన్నది క్షేమమైన పడవ. మా ఇంజిన్ రూములో ముఖ్యమైన పంపు ఏదైనా సరే జంటగానే ఉండేది, ఒకటి నడుస్తుంటే ఒకటి సిద్ధంగా. ఐఎన్‌ఎస్‌వీ తారిణి సంగతి నీకు తెలుసు. మన విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి అందులో ఉన్నారు. ఆరుగురు నావికాదళ అధికారిణులు ఆ తెరచాప పడవలో ప్రపంచం చుట్టారు. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు. చివరి మజిలీలో, 2018 ఏప్రిల్‌లో, హిందూ మహాసముద్రంలో స్టీరింగ్ చెడింది. వాళ్ళు మారిషస్‌లోని పోర్ట్ లూయీకి తిప్పి బాగుచేయించుకుని, మే 21న గోవా చేరారు. అనుకున్న మజిలీల్లో పోర్ట్ లూయీ లేదు. అంత సిద్ధపడి వెళ్ళినవాళ్ళకే అలా జరిగింది.

అమ్మాయి: ఆ కథ నాకు ఇంకోలా వినబడుతుంది. అక్కడ చెడింది ఇంజిన్ కాదు, కంప్యూటర్ కాదు, చుక్కానిని తిప్పే ఏర్పాటు. ఎంత తగ్గించుకున్నా తీసేయలేని వస్తువు. అలాంటివే కొన్ని ఉంటాయి పడవలో: చుక్కాని, తెరచాప కొయ్య, దాన్ని నిలబెట్టే తీగలు, అడుగున ఉన్న వాల్వులు. నా కళ్ళూ నా చేతులూ వాటి మీద ఉండాలి. జనరేటర్‌తో కుస్తీ పడుతున్న వారంలో కొయ్య తీగల చివరలు ఎవరు చూస్తారు? స్టెయిన్‌లెస్ స్టీలు పైకి మెరుస్తూనే ఉంటుంది, బిగింపు లోపల ఉప్పునీరు నిలిచిన చోట చీలిక మొదలవుతుంది. భూతద్దం పట్టుకుని చూస్తేనే కనబడుతుంది. అభిలాష్ టోమీని చూడండి. ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో, 2022లో మొదలైనదానిలో, గాలితో చుక్కాని నడిపే పరికరం విరిగితే, టాయిలెట్ తలుపు కోసి దానికి తెడ్డు చేసుకున్నాడు. రెండో స్థానంలో వచ్చాడు. చెక్కా రంపమూ సరిపోయే పరికరం కాబట్టి బతికింది. దాని లోపల సర్క్యూట్ బోర్డు ఉంటే టాయిలెట్ తలుపు ఏం చేస్తుంది?

బాబాయ్: అతను నేవీ పైలట్, ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చినవాడు. ఆ తలుపును చూసి ధైర్యం తెచ్చుకో, ప్లాను మాత్రం గీయకు. పైగా గాలితో నడిచే ఆ పరికరం గాలి లేనప్పుడు ఎందుకూ పనికిరాదు. ఇంజిన్ మీద పోతున్నప్పుడు చుక్కాని ఎవరు పట్టుకుంటారు? ఇద్దరే మనుషులు, రాత్రింబవళ్ళు. ఎలక్ట్రిక్ ఆటోపైలట్ ఉండాల్సిందే.

అమ్మాయి: ఉంటుంది. దాని మీద ప్రాణం పెట్టుకోను, అంతే. ఈ సముద్రంలో ఎన్ని పిడుగులు పడతాయో మీకు తెలుసు. ఒక్కటి కొయ్య మీద పడితే ఆటోపైలట్, ప్లాటర్, రేడియో, సోలార్ కంట్రోలర్ ఒకేసారి పోతాయి. జంటగా పెట్టుకున్నా జంటగానే పోతాయి. అందుకే మబ్బు కమ్మగానే చేతి జీపీఎస్‌ను పొయ్యి ఓవెన్‌లో పెట్టి తలుపు వేస్తున్నాం. మీ రెండో దారి, మొదటి దారి లాంటిదే అయితే అది రెండోది ఎలా అవుతుంది? ఇంజిన్‌కు రెండో దారి ఇంకో ఇంజిన్ కాదు, తెరచాప. నా భయం ఇంకోటి ఉంది. ఇంజిన్ ఉన్నవాళ్ళు దాని ధైర్యంతో తెరచాపకు గుడ్డ కప్పేసి, లంగరుకు పిన్ను వేసేసి, ఇరుకు సందులోకి నేరుగా వెళ్ళిపోతారు. ఇంజిన్ ఆగాక లంగరు వదలడానికి కూడా సమయం ఉండదు.

బాబాయ్: రేవులోకి వెళ్ళేటప్పుడు మా ఓడ ముందు భాగంలో లంగరు దగ్గర మనుషులు నిలబడే ఉంటారు. ఇంజిన్ ఎంత బాగున్నా సరే. పిన్నులు తీసి, వదలడానికి సిద్ధంగా. మీరూ అదే చేయండి. తెరచాప సగం ఎత్తి ఉంచుకుని లోపలికి వెళ్ళండి. కానీ తల్లీ, ఇంజిన్ ఉన్నవాళ్ళు అజాగ్రత్తగా ఉంటారు కాబట్టి ఇంజిన్ తీసేయమంటే నేను ఒప్పుకోను. గ్రేట్ నికోబార్ కిందుగా, సుమత్రా పైగా ఉన్న ఆ దారి దాటితేనే శ్రీలంక. తూర్పు దేశాలకూ యూరప్‌కూ మధ్య నడిచే ఓడల్లో చాలావరకు అందులోంచే వెళతాయి. అక్కడ గాలి ఆగితే లంగరు అందదు. నీ పదిహేను మైళ్ళు ఆ దారిని అడ్డంగా దాటడానికి సరిపోతాయో లేదో, చార్టు మీద నువ్వే కొలుచుకో.

అమ్మాయి కొలిచింది. ఆ రోజు సాయంత్రం చార్టు మీద స్కేలు పెట్టి, ఓడలు నడిచే పట్టీ వెడల్పు చూసి, పెన్సిలు కింద పెట్టింది.

అమ్మాయి: చాలవు. గాలి తోడుంటే చాలుతాయి, లేకపోతే చాలవు. సరే బాబాయ్, డీజిలే పెడదాం. కానీ నా షరతులు వినాలి. కంప్యూటర్ లేని ఇంజిన్ కావాలి, పాతకాలపు మెకానికల్ పంపుతో. స్టార్ట్ అయ్యాక కరెంటు మొత్తం పోయినా ఆగకుండా నడిచేది. ఆపడానికి కూడా లాగే తీగ ఉండాలి. ఆ గొట్టం వంపు, దాని వాల్వు అల్మరా వెనక నుంచి బయటకు, మెట్ల పక్కకు రావాలి. అది ఎంత వికారంగా కనబడినా సరే.

బాబాయ్: వాల్వు బయటకు తెద్దాం. కంప్యూటర్ వద్దనడం మాత్రం నాకు నచ్చలేదు. నేను ఆఖరున పనిచేసిన ఓడలో మెయిన్ ఇంజిన్‌కు కాంషాఫ్టే లేదు. ఇంధనం ఎప్పుడు చిమ్మాలో, వాల్వు ఎప్పుడు తెరవాలో అన్నీ ఎలక్ట్రానిక్సే చూసుకునేవి. పొగ తక్కువ, ఖర్చు తక్కువ, తప్పు ఎక్కడుందో అదే చెప్పేది.

అమ్మాయి: చెప్పినప్పుడు అర్థం చేసుకోవడానికి మీరు నలుగురు ఇంజినీర్లు, పక్కన ఒక ఎలక్ట్రికల్ ఆఫీసరు. ఇక్కడ అది చెబితే వినడానికి కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ పట్టుకుని రావాలి. నడిసముద్రంలో ఎవరొస్తారు?

బాబాయ్: దాన్ని గురించి రేపు మళ్ళీ పోట్లాడతాను, వదలను. ఈలోగా ఇంకోటి అడుగుతాను. గాలి తీయడం నీకు వచ్చని చూశాను. మీ ఆయనకు వచ్చా?

అమ్మాయి: ఆయన తెరచాపలు, వంట చూసుకుంటారు. ఇంజిన్ నాది.

బాబాయ్: నీకు జ్వరం వచ్చి పడుకుంటే ఇంజిన్ ఎవరిది? ఆయన చెయ్యి విరిగితే తెరచాప ఎవరిది? జంట పంపులని నేను ఇందాకటి నుంచి మొత్తుకుంటున్నది దీని గురించే. ఇద్దరున్న పడవలో ఒక్కరికే తెలిసిన యంత్రం సగం చెడిన యంత్రమే. రేపు పొద్దున్నే ఆయన్ని రమ్మను. ఈ ఇంజిన్ ఎలాగూ పోయింది, దాని మీదే నేర్పిస్తాను. దీపాలు ఆర్పి, తల మీద టార్చి పెట్టుకుని, ఫిల్టరు మార్చడం, గాలి తీయడం.

అమ్మాయి: ఆయనకు నేను నేర్పుతాను. మీరు పక్కన కూర్చుని చూడండి, తప్పు జరిగితే చెప్పండి. స్పానర్ మాత్రం ముట్టుకోకూడదు. మీరు విశాఖ వెళ్ళిపోయాక ఇక్కడ ఉండేది మేమిద్దరమే కదా.